పడినవాళ్ల పుస్తకం చూపించిన హోమ్: పద్నాలుగు నెలల తర్వాత నా రివ్యూ

మా అక్కయ్యకి 79 ఏళ్లు. పిల్లల్లేరు, బావగారు పోయి తొమ్మిదేళ్లయింది. మా ఇంట్లో పెట్టుకుందామంటే మాది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, మా ఆవిడకి రెండు మోకాళ్లూ ఆపరేషన్ అయ్యాయి. సొంత అక్కని వృద్ధుల హోమ్‌లో వదిలేశాడని అనేవాళ్లు ఎలాగూ అంటారు. మా బంధువుల్లోనే ఇద్దరు అన్నారు. వాళ్లిద్దరూ ఇంతవరకు ఒక్క ఆదివారం కూడా వచ్చి చూడలేదు.

విజయవాడ నుంచి బందరు రోడ్డు పట్టుకుని వెళ్తే వస్తుంది ఈ హోమ్. రివ్యూ అంటూ పేరు రాయవేమిటంటారా? కారణం ఉంది. ఇక్కడ ఇన్‌చార్జి సిస్టర్ గారు ఒక పుస్తకం నా మీద నమ్మకంతో చూపించారు. పేరు రాస్తే అందులోంచి "ఆరు నెలల్లో 17 సార్లు పడ్డారట" అన్న ఒక్క ముక్క పట్టుకుని ఊరంతా తిప్పుతారు. అసలు ఆ ముక్క వల్లే నేను మా అక్కయ్యని అక్కడ చేర్పించాను.

ముందు మొదటి హోమ్ సంగతి చెప్పాలి. అదెక్కడో కూడా రాయను. కింద విట్రిఫైడ్ టైల్స్, అద్దంలా మెరుస్తుంటాయి. చూడ్డానికి వెళ్లినప్పుడు మా ఆవిడ "ఎంత నీట్‌గా పెట్టుకున్నారో" అంది, నేనూ తలూపాను. తోట ఉంది, వినాయకుడి గుడి ఉంది, మధ్యాహ్నం పప్పు, రెండు కూరలు, చారు, పెరుగు. "ఇక్కడ ఎవరైనా పడిపోతుంటారా?" అని అడిగితే మేనేజర్ నొచ్చుకున్నట్టు మొహం పెట్టి, "మా దగ్గర అలాంటివి జరగవు సార్" అన్నాడు. అది విని నేను సంతోషించాను! ముప్పై నాలుగేళ్లు ఆర్టీసీ గ్యారేజీలో చేసినవాణ్ని, మా డిపోలో యాక్సిడెంట్లే జరగవని ఎవరైనా చెబితే నవ్వేవాణ్ని. ఇక్కడ మాత్రం నమ్మేశాను.

అక్కడ తెల్లవారుజామున నాలుగున్నరకి వరండాలన్నీ తడిగుడ్డ పెట్టేవాళ్లు, ఓనరు వచ్చేసరికి మెరవాలని. పెద్దవాళ్లు బాత్‌రూమ్‌కి లేచేదీ సరిగ్గా అప్పుడే. చేరిన ఐదో నెలలో అక్కయ్య ఆ తడిలో పడింది. తుంటి ఎముక విరిగింది, ఆస్పత్రిలో సగం కీలు మార్చారు. ఎలా పడిందని హోమ్‌లో అడిగితే "కాలు జారింది సార్, వయసు కదా" అన్నారు. ఎన్నింటికి పడింది, ఎంతసేపు కింద ఉంది, ఎవరు చూశారు అంటే ముగ్గురు మూడు మాటలు చెప్పారు. ఎక్కడా ఒక్క అక్షరం రాసి లేదు.

ఆపరేషన్ అయి తిరిగి వెళ్లాక ఇంకో రకం జాగ్రత్త మొదలైంది. మంచానికి రెండు పక్కలా కటకటాలు, పగలూ రాత్రీ డైపరు. ఓ మధ్యాహ్నం నేను చెప్పకుండా వెళ్లేసరికి, కుర్చీలో కూర్చోబెట్టి నడుం చుట్టూ పాత చీర పేలికతో వెనక్కి ముడేసి ఉంది. నన్ను చూసి అక్కయ్య ఏడవలేదు. "ఒరే తమ్ముడూ, ముడి వెనకాల వేశార్రా, నాకందదు" అంది. ఆ వారంలోనే అక్కడి నుంచి తీసుకొచ్చేశాను. డిపాజిట్‌లో సగం తిరిగి రాలేదు, అది వేరే కథ.

తర్వాత నాలుగు హోమ్‌లు తిరిగాను. ఈసారి గుడీ తోటా చూడలేదు. ప్రతి చోటా ఒకటే అడిగాను, "పోయిన నెలలో ఎవరెవరు పడ్డారు?" అని. మూడు చోట్ల "అబ్బే, ఎవరూ లేరండి" అన్నారు. నాలుగోది ఈ హోమ్. సిస్టర్ గారు సొరుగు లాగి, గళ్ల అట్ట వేసిన పొడుగాటి రిజిస్టరు తీసి టేబుల్ మీద పెట్టారు. పేర్ల మీద ఒక కాగితం కప్పి, మిగతా గడులు చదువుకోమన్నారు.

తేదీ, టైము, ఎక్కడ, ఏం చేస్తుండగా, కాళ్లకి ఏముంది, కళ్లజోడు పెట్టుకున్నారా, లైటు వేసి ఉందా, ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, దెబ్బ ఎక్కడ తగిలింది. చివరి గడి అన్నిటికంటే వెడల్పు: "ఏం మార్చాం". అది చదువుతుంటే నాకు డిపోలో కూర్చున్నట్టే ఉంది. బండి ఎక్కడైనా గుద్దుకుంటే మేమూ ముందు ఇవే రాసుకునేవాళ్లం. వాన ఉందా, టైరు ఎంత అరిగింది, బ్రేకు ఎంత దూరంలో పట్టింది. డ్రైవరు తప్పని తేల్చెయ్యడం ఎప్పుడూ తేలికే. కానీ నెలలో మూడు బళ్లు ఒకే మలుపులో గీసుకుంటే, ముగ్గురు డ్రైవర్లకీ ఒకేసారి పిచ్చెక్కదు కదా.

ముప్పై రెండు మంది ఉన్న హోమ్‌లో ఆరు నెలలకి 17 పడడాలు. అందులో తొమ్మిది తెల్లవారుజామున నాలుక్కీ ఆరున్నరకీ మధ్య జరిగినవే. ఆ సంగతి నేను లెక్కపెట్టేలోపే సిస్టర్ గారు చెప్పారు. అప్పటి నుంచి ఒక ఆయమ్మని నాలుగింటికే డ్యూటీలోకి రమ్మన్నారట, లేచేవాళ్లని వరసగా బాత్‌రూమ్‌కి తీసుకెళ్లడానికి. తర్వాత రెండు నెలల్లో ఆ వేళప్పుడు పడినవాళ్లు ఇద్దరే.

పదిహేడు ఎక్కువ కాదా అని నాకూ అనిపించింది. తర్వాత చదివాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నివేదిక ప్రకారం, ఇలాంటి సంరక్షణ కేంద్రాల్లో ఉండే పెద్దవాళ్లలో ఏటా 30 నుంచి 50 శాతం మంది పడుతుంటారు, వాళ్లలో 40 శాతం మంది మళ్లీ మళ్లీ పడతారు. అలాంటప్పుడు ఎవరూ పడరని చెప్పే హోమ్ అబద్ధమైనా ఆడుతుండాలి, మంచాలకి కట్టేసైనా ఉండాలి. మొదటి హోమ్‌లో నేను రెండూ చూశాను.

చేర్పించిన రోజు ఫారాలు నింపకముందే ఫిజియో అబ్బాయి అక్కయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, మూడు మీటర్ల దూరంలో నేల మీద టేపు అంటించాడు. లేవాలి, అక్కడిదాకా నడవాలి, తిరిగి వచ్చి కూర్చోవాలి. ఫోన్‌లో టైము పెట్టాడు. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క అట. అక్కయ్యకి వాకరుతో 41 సెకన్లు పట్టింది. "పరీక్షలో ఫెయిలా బాబూ?" అని అడిగింది. "ఇది పరీక్ష కాదు మామ్మగారూ, మైలురాయి" అన్నాడు. కుర్రాడికి మాట తెలుసు.

తర్వాత బీపీ. అందరూ కూర్చోబెట్టి చూస్తారు కదా, ఇక్కడ ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకి ఇంకోసారి చూశారు. పడుకున్నప్పుడు పై నంబరు 146, నిలబడగానే 116. నిలబడ్డాక ఆ నంబరు 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే, లేచినప్పుడు తల తిరిగి తూలిపోయే అవకాశం ఉందని సిస్టర్ గారు చెప్పారు. పాతికేళ్లుగా అక్కయ్యకి బీపీ ఉంది, లెక్కలేనన్నిసార్లు చూపించాం. నిలబెట్టి చూసినవాళ్లు వీళ్లే.

ఇక మందులు. సంచీలో ఉన్నవన్నీ టేబుల్ మీద పొయ్యమన్నారు. పదకొండు రకాలు. మొదటి హోమ్‌లో ఆయమ్మకి తేలిగ్గా ఉంటుందని చాలావరకు రాత్రి అన్నం తిన్నాక గుప్పెట్లో పెట్టి మింగించేవాళ్లు. అందులో ఒకటి ఒంట్లో నీరు పోయే మాత్ర. ఇంకోటి ఆల్ప్రజోలం, బావగారు పోయినప్పుడు నిద్ర పట్టడం లేదంటే ఎవరో డాక్టరు పది రోజులకి రాసింది, తొమ్మిదేళ్లుగా నడుస్తోంది. వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరు గారు బీపీ షీటూ మందుల షీటూ చేతుల్లో పట్టుకుని నాతో అన్నారు: "ఒక మాత్ర నిద్రపుచ్చుతుంది. ఇంకో మాత్ర అర్ధరాత్రి బాత్‌రూమ్‌కి లేపుతుంది. మూడోది లేవగానే బీపీ దించేస్తుంది. కింద నేల తడి. ఇంకా ఏం కావాలి?" నేను నోరు తెరుచుకుని కూర్చున్నాను. తడి నేలని తిట్టుకుంటూ ఉన్నాను గానీ మందుల పొట్లం వైపు నా బుర్ర పోలేదు.

నీటి మాత్ర పొద్దుటికి మారింది. బీపీ మందు డోసు తగ్గింది. నిద్రమాత్ర ఒక్కసారిగా మానకూడదు కాబట్టి కొంచెం కొంచెం తగ్గిస్తూ ఆపడానికి రెండున్నర నెలలు పట్టింది. ఆ రెండున్నర నెలలూ అక్కయ్య అందర్నీ సాధించింది, ఫోన్ చేసి నన్ను కూడా. ఆ టెన్షన్ నేను ఒప్పుకోవాలి, మధ్యలో ఒకసారి "పోనీ ఇచ్చెయ్యండి సిస్టర్" అని కూడా అన్నాను. ఆవిడ ఇవ్వలేదు.

తుంటి విరిగితే కీలు మార్చి పంపించారే గానీ, ఎముక ఎందుకంత గుల్లబారిందని ఆస్పత్రిలో ఎవరూ మాట్లాడలేదు. ఇక్కడి డాక్టరు గారు విటమిన్ డి పరీక్ష చేయించి, తక్కువుందని తేలితే వారానికి ఒకటి చొప్పున 60 వేల యూనిట్ల గోళీ రాశారు. అది సరిపడా వచ్చాక, ఎముకలు గట్టిపడడానికి ఏడాదికి ఒక్కసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇప్పించారు.

బాత్‌రూమ్ గురించి ఎక్కువ రాస్తున్నానని విసుక్కోవద్దు. హోమ్ చూడ్డానికి వెళ్లేవాళ్లు గది చూస్తారు, కిటికీ చూస్తారు, బాత్‌రూమ్ తలుపు తీసి వాసన చూసి మూసేస్తారు. నేను ఈసారి లోపలికెళ్లి కమోడ్ మీద కూర్చుని లేచి చూశాను. కుడి చేతి వైపు గోడకి రాడ్డు ఉంది. రాడ్డుని గట్టిగా లాగాను, కదల్లేదు. టవల్ తగిలించుకునే స్టాండుని పట్టుకుని లేస్తే అది ఊడి చేతికొస్తుంది, మా పక్కింటాయన అలాగే పడ్డారు. నేల గరుకు టైల్స్. బాత్‌రూమ్‌కీ గదికీ మధ్య మెట్టు లేదు, నీళ్లు బయటికి రాకుండా జాలీ పెట్టారు. తెల్ల టైల్స్, తెల్ల కమోడ్, పైన సీటు మాత్రం ముదురు నీలం. ఇదేం రంగండీ అన్నాను. శుక్లాలున్న కళ్లకి తెలుపులో తెలుపు కనపడక, సీటు అంచు మీద కూర్చుని జారిపోతారట.

బకెట్ ఒక స్టూలు మీద ఉంది. కూర్చుని స్నానం చేసే కుర్చీకి సమానంగా, వంగక్కర్లేకుండా చెంబు ముంచుకోవచ్చు. వంద రూపాయల స్టూలు! మా ఇంట్లో కూడా మర్నాడే పెట్టాను. శుక్రవారం తలంటు ఉంటుంది, మా అక్కయ్యకి అది లేకపోతే కుదరదు. కానీ నూనె తలకే, అదీ గదిలో కూర్చోబెట్టి రాస్తారు. అరికాళ్లకి మాత్రం స్నానం ముందు రాయరు, రాత్రి పడుకోబోయే ముందు రాసి, పాత మేజోళ్లు తొడిగి, లేచేటప్పుడు అవి తీసేసి గుడ్డతో తుడుస్తారు. నూనె కాళ్లతో గరుకు టైల్స్ కూడా జారతాయని మనకెవరికీ తోచదు.

హవాయి చెప్పులు గేటు దగ్గరే తీయించేశారు. మడమ వెనక పట్టీ ఉండి వెల్‌క్రోతో అంటించుకునేవి కొనమన్నారు. నైటీలు మడమ దగ్గర నాలుగంగుళాలు మడిచి కుట్టించమన్నారు. చీర కట్టుకునేవాళ్లకి కుచ్చిళ్లు కాస్త ఎత్తి కట్టే బాధ్యత ఆయమ్మదే. మంచం మోకాలి ఎత్తులోపే ఉంది. కటకటాలు లేవు, తల దగ్గర ఒక పక్క పట్టుకుని లేవడానికి చిన్న కమ్మీ ఉందంతే. నేను భయపడితే సిస్టర్ గారు, "కటకటాలుంటే పెద్దవాళ్లు దిగడం మానరు సార్, వాటిపైకి ఎక్కి దిగుతారు. అప్పుడు ఇంకో రెండడుగుల ఎత్తునుంచి పడతారు" అన్నారు.

ఇక్కడ తడిగుడ్డ పెట్టేది పదింటికి, అందరి టిఫిన్లూ అయ్యాక. వరండా సగం వెడల్పు తుడుస్తారు, అది ఆరాక మిగతా సగం. నేను కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను, ఆరడానికి పన్నెండు నిమిషాలు పట్టింది.

ఇంత చేసినా అక్కయ్య ఇక్కడ రెండుసార్లు పడింది. ఒకటి మంచం పక్కన చతికిలబడడం, దెబ్బేమీ లేదు. రెండోది చెప్పాలి. చేరిన ఆరో నెలలో, కార్తీక సోమవారం పొద్దున్న, పూల పళ్లెం చేత్తో పట్టుకుని వాకరు బయటే వదిలేసి పూజ గదిలోకి వెళ్లబోయింది. గడప తగిలి మోకాళ్ల మీద పడింది. అరగంటలో నాకు ఫోన్ వచ్చింది. "మామ్మగారు 7.10కి పూజ గది గడప దగ్గర పడ్డారు, కుడి మోకాలు చెక్కుకుపోయింది, తల తగల్లేదు, డాక్టరు గారికి చెప్పాం, ఎక్స్‌రేకి తీసుకెళ్తున్నాం" అని. ఒక్క ముక్క కూడా నేను అడిగి రాబట్టుకోవాల్సి రాలేదు. ఎముకకి ఏమీ కాలేదు.

సాయంత్రం వెళ్లి రిజిస్టరు చూశాను. "ఏం మార్చాం" గడిలో రెండు లైన్లున్నాయి. ఒకటి, వాకరుకి ముందు బుట్ట తగిలించాం, పూలూ పుస్తకం అందులో పెట్టుకోవచ్చు. రెండోది, గడపకి పసుపు రంగు వేశాం. ఆ గడప నల్ల గ్రానైట్, నేల కూడా నల్ల గ్రానైటే. పూజ గది కట్టించిన దాత నున్నగా ఒకే రాయితో చేయించారట. ఇప్పుడు దాని మీద పచ్చటి ఎనామెల్ పెయింటు, మూడు చోట్ల ఎర్ర బొట్లు. మా ఊళ్లో అమ్మ ప్రతి శుక్రవారం గడపకి రాసినట్టే. అక్కయ్య దాన్ని చూసి, "ఇప్పుడు గడపలా ఉందిరా" అంది.

ఇక నచ్చనివి. రాత్రి పది నుంచి నాలుగు దాకా పదహారు మందికి ఒకే ఆయమ్మ. ఒకరిని బాత్‌రూమ్‌కి తీసుకెళ్తే ఇంకొకరు బెల్లు కొడుతూనే ఉండాలి. అక్కయ్య బెల్లు వైరు పొట్టిగా ఉండి, గోడవైపు తిరిగి పడుకుంటే అందేది కాదు. పొడుగు వైరు వేయించడానికి నేను మూడుసార్లు అడగాల్సొచ్చింది. ఫిజియో వారానికి మూడు రోజులే వస్తాడు, రోజుకి 400 విడిగా వసూలు చేస్తారు. మిగతా రోజుల్లో ఆయమ్మలు చేయించాలి గానీ పని ఎక్కువైన రోజు ముందు ఎగిరిపోయేది ఎక్సర్‌సైజే. వంట పథ్యం వంటలా ఉంటుంది, ఆవకాయ నేనే పట్టుకెళ్తాను. సాయంత్రాలు టీవీ తప్ప ఏమీ లేదు. తోచక కూర్చుని కూర్చుని కాళ్లు బలహీనపడతాయని వాళ్లకీ తెలుసు, సాయంత్రం నడక మాత్రం వారానికి రెండు రోజులే జరుగుతోంది.

అన్నిటికంటే పెద్ద లోపం కరెంటు. పోయాక జనరేటర్ అందుకోవడానికి ఇరవై సెకన్ల పైనే పడుతుంది. వరండాలో ఎమర్జెన్సీ లైట్లున్నాయి, బాత్‌రూముల్లో లేవు. కమోడ్ మీంచి సగం లేచిన మనిషికి ఇరవై సెకన్ల చీకటంటే ఎంతో, ఇంట్లో లైటార్పి మీరే లేచి చూడండి. మే నెలలో ఇది రాతపూర్వకంగా ఇచ్చాను. అదే రిజిస్టరులో, పడకముందే రాసిన మొదటి ఎంట్రీ నాదేనట.

నెలకి 28 వేలు. డైపర్లు, ఫిజియో, బయటి పరీక్షలు వేరు. మొదటి హోమ్ 22 వేలే. తుంటి ఆపరేషన్ బిల్లు కలుపుకుంటే ఏది చవకో నేను చెప్పక్కర్లేదు. పోయిన నెల ఫిజియో అబ్బాయి మళ్లీ టేపు దగ్గర టైము పెడితే అక్కయ్యకి 23 సెకన్లు వచ్చింది. పన్నెండు ఇక రాదని అతనే చెప్పాడు. డైపరు రాత్రిపూటకే పరిమితమైంది, అదీ ఆవిడ తిట్టుకుంటూ వేయించుకుంటోంది.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. మొన్న ఆదివారం వెళ్లేసరికి కింది అంతస్తులో ఎలక్ట్రీషియన్ నిచ్చెన వేసుకుని ఉన్నాడు, ఛార్జింగ్ లైట్లు నాలుగు బాత్‌రూముల్లో బిగించాడు. అక్కయ్యది ఐదోది. సామాను అయిపోయిందని, బుధవారం వస్తానని వెళ్లాడు.